చివర కట్టని మోకు

నేను ఒక మోకును. బావిలో చేద వేసే తాడును కాను, గొడ్డును కట్టే పలుపును కాను. మనిషిని కొండ అంచు మీది నుంచి గాలిలోకి దించి, తేనెతో మళ్ళీ పైకి చేర్చే మోకును. నల్లమల అడవిలో చెంచులు నావంటి వాళ్ళను పేనుకుంటారు. ఇప్పుడు దుముకుడు గుండం జలపాతం పైన, ఒక నల్లమద్ది చెట్టు మొదట్లో, బండ సందులో చుట్టగా పడి ఉన్నాను. ఒక పక్క నుంచి చెదలు తింటున్నాయి. వాటికి తొందర లేదు, నాకూ లేదు. అందుకే ఇంత తీరికగా చెప్పగలుగుతున్నాను.

నన్ను పేనినవాడు అంకన్న. అడ్డతీగ బెరడు చీల్చి, వాగులో నానేసి, రాతి మీద బాది, నార తీసి, నీడన ఆరబెట్టి పేనాడు. మోకు పేనడం ఒంటిచేతి పని కాదు. ఒకరు మెలి వేస్తూ ఉంటే ఇంకొకరు ఆ కొస పట్టుకుని వెనక్కి వెనక్కి నడవాలి. ఆ కొస పట్టుకున్నది అతని భార్య ఈదమ్మ. నడుస్తూ నోరు ఊరికే పెట్టుకునే మనిషి కాదు.

“ఇంత లావెందుకయ్యా, నువ్వు దిగుతవా, ఎలుగ్గొడ్డును దించుతవా?”

“సన్నగ పేనితే నీ తమ్మునికి చేతి కింద ఆనదు” అన్నాడు అంకన్న.

“మా తమ్ముని చేతులు మంచియే. నీ పేనుడే వంకర.”

అలా తిట్లు తింటూ పుట్టాను. నా మెలికల్లో సగం అంకన్న ఒడుపు, సగం ఆమె మాటలు. అందుకే గట్టిగా తయారయ్యానని నా నమ్మకం.

తేనె కోసేవాడు దిగుతుంటే పైన మోకు పట్టేది ఎవరో తెలుసా? బామ్మర్ది. భార్య తోడబుట్టినవాడు. సొంత అన్నదమ్ములు పనికిరారు. తమ్ముడు పట్టుకుంటే, అన్న పడిపోతే అన్న తేనె బండ తనకొస్తుందనో, వదిన తన ఇంటికి వస్తుందనో ఒక్క క్షణం మనసు తడబడవచ్చునట. బామ్మర్దికి ఆ బాధ లేదు. మోకు కింది కొసన వేలాడేది అతని అక్క పసుపుకుంకుమలు. దాన్ని ఎవడు వదులుతాడు? మనుషులు ప్రేమను నమ్ముతామని చెప్పుకుంటారు గానీ, ప్రాణం మీదికి వచ్చేసరికి ఎవరికి ఏమి నష్టమో ఆలోచించి మరీ నమ్ముతారు. నాకు ఇందులో తప్పేమీ కనపడలేదు. కనపడే రోజు వస్తుందని తెలియదు.

ఇంకో మర్యాద కూడా ఉంది. నన్ను మద్దిచెట్టుకు ఒక చుట్టు తిప్పి, పై కొసను బామ్మర్ది చేతికి ఇస్తారు. ఆ కొసను చెట్టుకు ముడి వేయరు. వేస్తే, ‘నీ చేతుల మీద నాకు నమ్మకం లేదు’ అని ముఖాన చెప్పినట్టే. అలా కట్టినందుకు తరతరాలు మాటలు మానుకున్న ఇళ్ళు అడవిలో ఉన్నాయట.

దుముకుడు గుండానికి దారి కష్టం. చెంచులు గూడేన్ని పెంట అంటారు. అంకన్నవాళ్ళ కుంకుడుపెంట గుడిసెలు దాటాక వెదురు పొదల్లో దూరాలి. వంగి నడిస్తే ముళ్ళు వీపు గీరుతాయి, నిక్కి నడిస్తే ముఖం గీరుతాయి. తర్వాత వాగు. వాగులో రాళ్ళు పైకి ఎండినట్టే ఉంటాయి, కాలు పెట్టాక గానీ వాటి బుద్ధి తెలియదు. ఆ పైన ఎలుగులు చెదపుట్టలు తవ్విన గుంటలు, జారుడు బండలు, ఈతపొదలు. చివరికి నీళ్ళ హోరు మొదట చెవికి కాదు, అరికాళ్ళకు తెలుస్తుంది. ఉన్నట్టుండి అడవి తెగిపోతుంది. కాళ్ళ ముందు లోయ. పక్కన వాగు మొత్తం తెల్లగా కిందికి దూకుతుంది. ఆ నీటికి ఎడమ పక్కన, తుంపర తగిలీ తగలని చోట, నల్లటి నిలువు బండ. దాని కడుపున తేనెపట్లు, చేటల్లా వేలాడుతూ.

ఆ బండ ఈదమ్మది. తేనె బండలు ఇంటింటికీ వంతులుగా వస్తాయి. ఆమె తండ్రికి కొడుకు బయన్న ఉన్నా, ఆ బండను కూతురికే ఇచ్చి అంకన్న వెంట పంపాడు. బయన్నకు అప్పటికి తేనెపట్టు కోసే ఈటె పట్టే వయసు కూడా లేదు. ఎవరి బండ వాళ్ళు ఏటా కోసుకోవాలి. వరుసగా రెండేళ్ళు కోయకుండా వదిలేస్తే, అది ఇచ్చిన ఇంటికి తిరిగిపోతుంది. అంటే బయన్నకు.

వానలు వెనకబట్టాక ఏటా ముగ్గురూ వచ్చేవాళ్ళు. అంకన్న నడుముకు నన్ను చుట్టుకుని, చేతిలో తేనెటీగలను తోలే పొగకట్ట, భుజాన ఆకులు పరిచిన బుట్ట, వెదురు ఈటె పట్టుకుని అంచు దిగేవాడు. బయన్న చెట్టుకు పాదం తన్ని పట్టి కూర్చునేవాడు. ఈదమ్మ నీడన కూర్చుని ఇద్దరికీ బుద్ధులు చెప్పేది.

“తమ్ముడా, గట్టిగ పట్టు. ఈ మనిషి పోతే నేను నీ ఇంటికే వస్త. నా పోరు నీ పెండ్లాం పడలేదు, చెప్తున్న.”

“అందుకే గద అక్కా, చేతులు ఊడినా వదులను” అనేవాడు బయన్న.

నీళ్ళ హోరులో కింది కేక పైకి వినపడదు. మాటలన్నీ నా మీదనే నడిచేవి. కింది నుంచి ఒక గుంజు గుంజితే ఇంకా దించమని. రెండు గుంజితే ఆపమని. దీర్ఘంగా లాగి పట్టుకుంటే పైకి చేదమని. వీటికి తోడు బయన్నది సొంత అలవాటు ఒకటుంది. అంకన్న బండ పక్కన కుదురుకుని ఆగిన ప్రతిసారీ, చూపుడు వేలితో నన్ను చిన్నగా కదిపేవాడు. దానికి పని అర్థం ఏమీ లేదు. ఉన్నాను అని, అంతే. ఆ చిన్న వణుకు నా పొడవునా దిగి అంకన్న నడుముకు తగిలేది. అతని ఊపిరి అప్పుడు కాస్త నిమ్మళించేది. కూర్చుని మాట్లాడుకునే మనుషులు కూడా ఒకరికొకరు అంత బాగా చెప్పుకోవడం నేను తక్కువ చూశాను.

పెంటలోకి వచ్చాక మాత్రం ఆ ఇద్దరికీ మాటలు రావు. బావ చెప్పదలచింది ఈదమ్మకు చెప్పేవాడు, ఆమె ఉప్పూకారం చల్లి తమ్ముడికి చేర్చేది. తమ్ముడు అన్నది బావకు చేర్చేది. అలాగే ఏళ్ళు గడిచాయి. ఎవరికీ లోటు కనపడలేదు.

ఒక శ్రావణంలో ఈదమ్మకు చలిజ్వరం వచ్చింది. వాగు పొర్లుతోంది, మనిషిని దాటించే వీలు లేదు. జ్వరం తగ్గినట్టు తగ్గి మళ్ళీ వచ్చింది. ఆఖరి రోజు పొద్దున ఆమె తేనె అడిగింది. అంకన్న సొరకాయ బుర్రలోంచి వేలితో తీసి నాలుక మీద పెట్టాడు. ఆమె చప్పరించి, “ఈసారిది తీపి తక్కువ” అంది.

“అదేం లేదు. నీ నోరు చేదుగున్నది.”

“నా నోరు ఎప్పుడన్న చేదుగుంటదా?”

బయన్న తలవైపు కూర్చుని ఉన్నాడు. నవ్వాడు. ముగ్గురూ కలిసి నవ్వింది అదే చివరిసారి. అంతటి జ్వరంలోనూ ఆ నవ్వుకు చోటు దొరికింది. మధ్యాహ్నానికి ఆమె పోయింది. గుడిసె వాసానికి వేలాడుతూ నేను చూశాను. దినాలు అయ్యాక కూడా అంకన్న రెండు ఆకులు తెంపుకొచ్చి కడిగేవాడు. తర్వాత గుర్తొచ్చి రెండోదాన్ని మొదటిదాని కింద వేసుకుని, రెండు మందాల ఆకులో ఒక్కడూ తినేవాడు. పారేయలేదు. అది నాకు నచ్చింది.

వానలు తగ్గి తేనె కాలం వచ్చింది. పెంటలో అందరి చూపూ ఈ ఇద్దరి మీద పడింది. ఒకనాడు మంట దగ్గర, పెంటకు పెద్దదైన ఒక ముసలామె, చుట్ట పీలుస్తూ, మనసులో విషమేమీ లేకుండానే అనేసింది.

“అక్క పాయె. ఇంక బామ్మర్ది చేతికి ఏం బరువుంటది? కింద వేలాడేది ఒట్టి అంకన్న. అంకన్న పడితే బండ బయన్నకే గద.”

కొందరు నవ్వారు. “అంకన్నా, ఇంకో పెండ్లి చేస్కో. కొత్త బామ్మర్ది వస్తడు” అన్నాడు ఒకడు.

“మోకు పట్టే మనిషి కోసం పెండ్లి చేస్కోవాల్నా?” అన్నాడు అంకన్న. “దానికి పెండ్లాం కాదు, గూటం పాతుకుంటే చాలు.”

మాట తేలిగ్గానే పోయింది. కానీ బయన్న ఆ మంట దగ్గరే ఉన్నాడు. విన్నాడు. బయన్న విన్నాడని అంకన్న చూశాడు. ఆ తర్వాత జరిగింది మనుషులు మాత్రమే చేయగలిగిన పని. బయన్న తనంతట తాను ‘మోకు పడతా బావా’ అనలేదు. అంటే, బండ కోసం అంటున్నాడని జనం అనుకుంటారేమో. పొరపాటున చేయి జారితే కావాలనే వదిలాడంటారేమో. పైగా బావ అడగలేదు, అడగలేదంటే నమ్మకం పోయినట్టే కదా. అంకన్న నోరు తెరిచి అడగలేదు. అడిగితే, ఏ నష్టమూ లేనివాణ్ణి ప్రాణం మొయ్యమని బతిమాలినట్టు. పైగా వాడు తనంతట రాలేదు, రాలేదంటే మనసు మారినట్టే కదా. ఇద్దరూ ఎదురెదురు గుడిసెల్లో ఉంటూ, ఒకరి మాట కోసం ఒకరు కాచుక్కూర్చున్నారు. మాటలు మోసే మనిషి మట్టిలో ఉంది. ఆ ఏడు బండ కోయలేదు. తేనె ముదిరి, తేనెటీగలే తాగి, పట్లు వదిలేసి ఎగిరిపోయాయి.

ఆ వేసవిలోనే శశాంక్ వచ్చాడు. హైదరాబాదు నుంచి కుర్రకారును అడవి నడకలకు తీసుకొచ్చే మనిషి. మంచివాడే. అడవిలో గట్టిగా పాటలు పెట్టనివ్వడు, ప్లాస్టిక్ సీసాలు తానే ఏరుకుంటాడు. ఎవరికీ తెలియని జలపాతం కావాలన్నాడు. ఎవరికీ తెలియనిదాన్ని అందరికీ చూపించాలన్నదే అతని కోరిక. దానిలోని తమాషా అతనికి తట్టలేదు. అంకన్న దారి చూపడానికి ఒప్పుకున్నాడు. గుండం దాకా నడవడానికి అతనికీ ఒక వంక కావాలి మరి.

అలా నేను కొత్త కొలువులో చేరాను. మద్దిచెట్టుకు నన్ను కట్టి, జలపాతం పక్కన ఏటవాలు దారిలోకి వదిలేవాళ్ళు. వచ్చినవాళ్ళు నన్ను పట్టుకుని గుండంలోకి దిగేవాళ్ళు. ఎన్ని రకాల చేతులు. ముళ్ళకు చిరిగిన ప్యాంట్లు, చెమటకు అంటుకున్న చొక్కాలు, పిడుదులు పట్టిన పిక్కలు. దారి పొడవునా శాపనార్థాలు పెడుతూ వచ్చినవాళ్ళు నీళ్ళు కనపడగానే చిన్నపిల్లలైపోయేవాళ్ళు. తర్వాత ఫోన్లు తీసేవాళ్ళు. ఫోన్లోకి చూస్తూ నవ్వే నవ్వు వేరు, అది అయిపోయాక నీళ్ళలో కాళ్ళు పెట్టి ఊరికే కూర్చున్నప్పుడు ముఖంలోకి వచ్చే నిశ్శబ్దం వేరు. ఆ రెండోదాని కోసం నేను వాళ్ళను చాలావరకు క్షమించాను.

కట్టినా సరే, అంకన్న పైన చెట్టు దగ్గరే కూర్చుని నా మీద ఒక చెయ్యి వేసి ఉంచేవాడు. వాళ్ళెవరూ అతనికి ఏమీ కారు. వాళ్ళ అక్కలెవరో అతనికి తెలియదు. అయినా పట్టుకునేవాడు. ఏమీ కానివాళ్ళ కోసం ఆయన అంత తేలిగ్గా చేస్తున్న పనిని, తన కోసం ఇంకొకరు చేయగలరని మాత్రం ఆయనకు తోచలేదు.

మళ్ళీ వానలు పడి తగ్గాయి. బండ మీద పట్లు కట్టాయి. ఇది రెండో ఏడు. ఈ కాలం కూడా కోయకపోతే బండ తిరిగిపోతుంది. అంకన్నకు తేనె అక్కర్లేదు, ఒక్కడే మనిషి, ఎంత తింటాడు? కానీ ఈదమ్మది అని చెప్పుకోవడానికి ఆ బండ తప్ప ఏమీ మిగల్లేదు. ఆమె చీర ఆమెతోనే పోయింది. గిన్నెలు అందరి ఇళ్ళలో ఉండే గిన్నెలే. బండ పోతే, ఆమె ఈ అడవిలో బతికినట్టు ఆనవాలు ఉండదు. దారి పొడవునా అతని భుజం మీద పడి ఉండి నేను విన్న గొణుగుడు అదే. ‘ఒక్క పట్టు కోస్తే చాలు. ఒక్క పట్టు.’

ఆ కార్తీకంలో శశాంక్ ఒక జట్టును తెచ్చాడు. అందులో మృదుల అని ఒకమ్మాయి. బ్యాంకులో పని చేస్తుందట. వాగు దాటుతూ జారి మోచెయ్యి కొట్టుకుంది, అయినా ఎవరి చెయ్యీ అడగలేదు. అంచు మీద నిలబడి బండను చూసి, “అవి తేనెపట్లా అన్నా? ఎవరూ కొయ్యరా?” అని అడిగింది.

“అది మాదే” అన్నాడు అంకన్న. “మోకు పట్టేటోళ్ళు లేరు.”

“మేమంతా లేమా?” అన్నాడు శశాంక్. “పది మందిమి ఉన్నాం. మీరు దిగుతానంటే మేం పట్టుకుంటాం.”

 అంకన్న నన్ను ఏటవాలు దారి నుంచి విప్పి, నడుముకు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. పొద్దున పెంటలోనే సిద్ధం చేసుకుని తెచ్చిన పొగకట్ట, బుట్ట, ఈటె తీశాడు.  గుంజుల సంగతి వాళ్ళకు చెప్పాడు. చెట్టుకు ఒక చుట్టు వేశాడు.

“కొస చెట్టుకు కట్టేద్దామా అన్నా? ఎందుకైనా మంచిది” అన్నాడు శశాంక్.

“వద్దు సారు. మిమ్ముల్ని నమ్మనట్టయితది.”

శశాంక్‌కు అది అర్థం కాలేదు. మర్యాద అనుకుని తలాడించాడు. మర్యాదే అది. సొంత బామ్మర్దిని అడగడానికి నోరు రాని మనిషి, ఏమీ కాని పది మందికి తన వంశపు మర్యాద మొత్తం చేతిలో పెట్టి అంచు దిగాడు.

మొదట అంతా బాగానే నడిచింది. పొగ పట్టించాడు, ఈగలు లేచి పక్కకు తొలిగాయి. రెండు గుంజులు గుంజి ఆగాడు. అలవాటు కొద్దీ నడుము బిగబట్టి, పైనుంచి రావలసిన ఆ చిన్న వణుకు కోసం చూశాడు. రాలేదు. పది మంది చేతుల్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. పట్టు కోశాడు, బుట్టలో పడింది. అప్పుడు గాలి తిరిగింది. జలపాతం తుంపరతో కలిసి గాలి ఎదురు కొట్టి, పొగను లోయలోకి తోసేసింది. ఈగలు పైకి లేచాయి. తేనెటీగల గుంపు మీద పడితే మనిషి ఏం చేస్తాడు? చేతులతో ముఖం కప్పుకుంటాడు. చేతులు ఖాళీ అయితే గానీ ముఖం కప్పుకోలేడు. ఇది ఎవరి తప్పనీ నేను అనను. ఒకరి వెనక ఒకరు వదిలారు. మృదుల చివరిదాకా పట్టుకుంది. ఒక్కతె బరువుకు ఆగుతానా? ఆమె అరచేతుల్లోంచి జారి, చెట్టు చుట్టూ బుసకొడుతూ పరుగెత్తాను. నేను పరుగెత్తిన ప్రతి మూరా అంకన్న పడుతున్న మూర.

కొస చెట్టుకు చేరేలోపు రెండు చేతులు నా మీద పడ్డాయి.

ఈతపొదల వెనక నుంచి వచ్చాడు బయన్న. ఎప్పుడు వచ్చాడో, ఎందుకు వచ్చాడో ఎవరూ చూడలేదు. పొద్దున పెంటలో అంకన్న పొగకట్ట కట్టుకోవడం చూసి ఉంటాడు. జారుతున్న మోకును పట్టడమంటే నిప్పును పట్టడమే. అతని అరచేతుల తోలు నాకు అంటుకుని వచ్చింది. వదల్లేదు. మద్దిచెట్టుకు కాలు తన్ని, వీపు మీద, మెడ మీద, కనురెప్పల మీద ఈగలు కుడుతుంటే అలాగే ఉన్నాడు. నేను ఆగాను. అంకన్న ఆగాడు. అప్పుడు, కండ తేలిన ఆ చేతిలోంచి, ఒక్క వేలు నన్ను చిన్నగా కదిపింది.

ఉన్నాను.

కింద గాలిలో వేలాడుతున్న అంకన్నకు అది తగిలింది. పైన ఎవరున్నారో ఆయనకు చూడకుండానే తెలిసింది. ఆ మనిషి బండకు నుదురు ఆనించి ఏడ్చాడు. బుట్ట ఎప్పుడో నీళ్ళలో పడిపోయింది. పిడికిట్లో మాత్రం చిన్న పట్టు ముక్క మిగిలింది. ఆ కాసేపు, నా ఆయుష్షులోకెల్లా మంచి కాసేపు. నేను అక్కడే తెగిపోయినా బాగుండేది.

బయన్న చేదాడు, అంకన్న బండకు కాళ్ళు తన్నుకుంటూ ఎక్కాడు. పైకి వచ్చాక ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. కుర్రవాళ్ళు దూరంగా చెట్ల కింద దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. ఈగలు పలచబడ్డాయి. ఒక్క మాట చాలు. అసలు మాట కూడా అక్కర్లేదు. కానీ కింద ఏడ్చిన మనిషికి పైకి వచ్చేసరికి సిగ్గు ముంచుకొచ్చింది. ఎదురు గుడిసెలో ఉన్న వీణ్ణి కాదని పట్నంవాళ్ళ చేతుల్లో పడ్డాడు కదా. సిగ్గుకు నోరు తిన్నగా ఉండదు.

“నన్ను చూస్తానికి వచ్చినవా, బండను చూస్తానికి వచ్చినవా?” అన్నాడు.

బయన్న ముఖం అప్పటికే వాచిపోతోంది. చేతుల్లోంచి కారుతున్నది నా మీద పడుతోంది. అతను నేల చూశాడు. అతనూ మనిషే.

“నువ్వు పడితే పెంట నన్నే అంటది. అందుకు పట్టిన.”

అది అబద్ధం. ఆ చేతులు నాకు తెలుసు. జనం మాటకు భయపడి పట్టినవాడు ఎవరైనా చూస్తున్నారా అని ముందు చుట్టూ చూస్తాడు. ఇతను చూడలేదు. కానీ నేను ఏదైనా చెప్పగలిగేది నడుముకు చుట్టి ఉన్నప్పుడు మాత్రమే. అప్పటికే అంకన్న నన్ను విప్పేశాడు.

“మంచిది. నీ పేరు నిలబడ్డది” అన్నాడు. “బండ కూడ నువ్వే తీస్కో. మీ అక్కకు ఇచ్చిందే గద. ఆమెనే లేదు.”

నన్ను బయన్న కాళ్ళ దగ్గర పడేశాడు. ఒకరి మోకును ఇంకొకరు తీసుకోకూడదు. బయన్న ముట్టలేదు. ఇచ్చేసినదాన్ని వెనక్కి తీసుకోకూడదు. అంకన్న చూడలేదు. ఒకడు వాగు దారిన, ఒకడు ఈతపొదల దారిన పోయారు. అంకన్న పిడికిట్లో పట్టు ముక్క ఉంది, దాన్ని ఈదమ్మ మట్టి దగ్గర పెట్టి ఉంటాడు. శశాంక్ ఏవో మాత్రలు పట్టుకుని బయన్న వెనక కొంత దూరం పరుగెత్తాడు. ఆ మాత్రం దయ కూడా ఆ రోజు లెక్కలోకి వస్తుంది. అప్పటి నుంచి నేను ఇక్కడే ఉన్నాను.

బండను అంకన్న వదిలేశాడు. బయన్నకు వచ్చింది, కానీ అతని వేళ్ళు సరిగ్గా ముడుచుకోవు. అరచేతుల్లో తోలు అతుకులు పడి మానింది. ఈటె నిలవదు. ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు కాబోలు, అంకన్నకు తెలిసినట్టు లేదు. దాంతో బండను ఎవరూ కోయడం లేదు. పట్లు ఒకదాని పక్కన ఒకటి పెరుగుతున్నాయి. ఎవరికో మేలు జరిగిందనుకోవాలంటే, ఈగలకు జరిగింది.

శశాంక్ నైలాన్ తాడు కొన్నాడు. నీలం రంగు. దానికి వానలో నాననితనం ఉంది, చెదలు ముట్టనితనం ఉంది, ఎవరు పేనారన్న బాధ లేదు. అంకన్న ఇప్పటికీ జట్లను తెస్తాడు. నన్ను దాటి నడుస్తాడు. ఎప్పుడూ తొక్కలేదు.

మొన్న మృదుల మళ్ళీ వచ్చింది. అరచేతులు చూపించి, “గీతలు ఇంకా పోలేదు అన్నా” అంది, తప్పు తనదేనన్నట్టు. అంకన్న ఆ చేతులను చూసి, “నువ్వు మంచిగనే పట్టినవ్ బిడ్డా” అన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, దిగబోతూ అడిగింది.

“ఈసారి పైన ఎవరు పట్టుకుంటున్నారు?”

“చెట్టు పట్టుకుంటది” అన్నాడు అంకన్న. మద్దిచెట్టుకు నైలాన్ తాడు కొసను ముడి మీద ముడి వేస్తున్నాడు. “చెట్టుకు అక్క ఉండదు, పోదు.”

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. పెద్దమనిషి ఏదో హాస్యమాడాడనుకుని నవ్వింది. ఆమె, మిగతావాళ్ళు ముందు దిగారు, అందరి వెనక అంకన్న తాడు పట్టుకుని దిగాడు. హోరులో వాళ్ళ మాటలు కలిసిపోయాయి.

చెట్ల బంక ఏరడానికి వచ్చినవాడిలా బుట్ట పెట్టుకుని ఈతపొదల అవతల కూర్చున్న బయన్న, అంకన్న అన్న చెట్టు మాట విన్నాడు.  తర్వాత లేచి మద్దిచెట్టు దగ్గరికి వచ్చాడు. అంకన్న బరువుకు నీలం తాడు బిగుసుకుని సన్నగా కిర్రుమంటోంది. బయన్న వంగి, ముడుచుకోని వేళ్ళతో ఆ ముడిని నాలుగు పక్కలా నొక్కి చూశాడు. ఒకచోట వదులుగా తోస్తే మడమతో బిగదన్నాడు. మళ్ళీ నొక్కి చూశాడు. బాగానే ఉంది. తాడు వదులయ్యేదాకా, అంటే అంకన్న కింద నేల మీద నిలబడ్డాడని తెలిసేదాకా అక్కడే ఉండి, బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు.